వ్యాను కప్పు లోపల రెండు బొటనవేలి గుర్తులు

ఈ వేసవిలో నాకు జరిగిన అన్యాయాలను నా దినచర్య పుస్తకం నుంచి తేదీలవారీగా ముందుగా ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఏ వాక్యాన్నీ తరవాత దిద్దలేదు.

ఏప్రిల్ 9. నమూనా వ్యాను కోసం ఆర్డరు చేసిన రెజిన్ బాడీ, ఇస్తామన్న గడువుకు పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అట్టపెట్టె ఎడమ మూల నలిగి ఉంది.

ఏప్రిల్ 10. పెట్టెలో హెడ్‌లైటు అద్దాలు రెండు ఉండవలసి ఉండగా ఒకటే ఉంది.

ఏప్రిల్ 12. బాడీ అడుగు అంచున గాలిబుడగల గుంటలు పదకొండు. అమ్మకానికి పెట్టిన ఫొటోల్లో ఈ వైపు చూపలేదు.

ఏప్రిల్ 21. బాడీ కప్పు మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటరు కుంగి ఉంది. వచ్చిన రోజున కుంగలేదు.

ఏప్రిల్ 24. తయారీదారు తప్పు ఒప్పుకోకపోగా నన్నే ఎదురు ప్రశ్నించాడు.

ఏప్రిల్ 26. కప్పు లోపలి వైపున రెండు బొటనవేలి గుర్తులు కనిపించాయి. నావి కావు.

ఏప్రిల్ 28. ఆ వేళ్ళు ఎవరివో రుజువైంది. ఆ మనిషి కారణం చెప్పకుండా, టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 29 మొదలుకొని. అతడు మా ఇంటికి రావడం మానేశాడు.

ఇక వివరాలు.

నేను ముప్ఫై నాలుగేళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. గుంటూరు మిర్చి యార్డులో కాటాలు, పర్చూరు వైపు పొగాకు తూచే కాటాలు, పిడుగురాళ్ళలో సున్నం లారీలు ఎక్కే వేబ్రిడ్జిలు అన్నీ నా చేతి మీదుగా ముద్ర పడినవే. తక్కెడ పళ్ళెం అడుగున అంటించిన చింతపండు ముద్దను చూడగానే పట్టేవాణ్ణి. మిర్చి టిక్కీ బస్తాలో పైన ఎర్రటి కాయలు పరిచి మధ్యలో రంగు పోయిన తాలు కాయలు కూరితే, సరుకు లాగి చూసే ఇనుప బొంగు గుచ్చకుండానే వాసనతో చెప్పేవాణ్ణి. ఏ వస్తువునైనా చూడగానే దీన్లో మోసం ఎక్కడ ఉండవచ్చని మొదట ఆలోచించడం నాకు అలవాటైపోయింది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కూరగాయల బండివాడు నన్ను చూస్తే రాళ్ళు మార్చుకుంటాడు.

ఉద్యోగం చివరి ఇరవై రెండేళ్ళు నేను ఒకే వ్యానులో తిరిగాను. అది పొడుగాటి జీపు. పైన రేకు కప్పు, వెనక రెండు రెక్కల తలుపు, లోపల పరీక్ష చేసే ఇనుప గుండ్లు పెట్టుకునేందుకు చెక్క అరలు ఉండేవి. దాన్ని ఆ ఇరవై రెండేళ్ళూ ఒకే డ్రైవరు నడిపాడు. ఆయన పర్చూరు దగ్గర పల్లెటూరి ముస్లిము. ఇప్పుడు గుంటూరులోనే మాకు మూడు వీధుల అవతల ఉంటాడు. వ్యానును వేలం వేసి ముక్కలుగా కోసేశారు. మిగిలింది మేమిద్దరమే.

రిటైరైన తరవాత నేను చిన్న నమూనా కార్లు చేయడం మొదలుపెట్టాను. విడిభాగాల పెట్టె కొనుక్కుని, ఫ్రేము నుంచి ఒక్కొక్క భాగం కత్తిరించి, అంచులు రుద్ది, అతికించి, రంగు వేయడం. కొలవడం, కోయడం నావి. రంగు ఆయనది. నా చెయ్యి ఈ మధ్య సన్నని గీత దగ్గర వణుకుతోంది. ఆయన చెయ్యి ఇంకా స్టీరింగు పట్టుకున్నంత నిలకడగా ఉంటుంది. ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చేవాడు, ఆరింటికి వెళ్ళేవాడు. ఆరేళ్ళలో తొమ్మిది కార్లు చేశాం. పదోది మా వ్యాను కావాలని ఇద్దరం అనుకున్నాం.

అందులో ఒక చిక్కు ఉంది. దుకాణంలో దొరికే పెట్టెలో ఉండేది పొట్టి జీపు, అదీ కప్పు లేనిది. మా పొడుగు వ్యానును పెద్ద తయారీదారులు ఎవరూ చేయరు. అలాంటి వాటికి రెజిన్ బాడీ ఒకటే దారి. ఎవరో ఒక ఓపికమంతుడు ఆ బండి ఒంటిని చేత్తో మలిచి, దాని మీద రబ్బరు అచ్చు తీసి, రెండు ద్రవాలు కలిపి ఆ అచ్చులో పోస్తాడు. అవి గడ్డకట్టి గుల్లలాంటి బాడీ తయారవుతుంది. పెట్టెలోని జీపుకు పాత ఒళ్ళు తీసేసి, చాసీ, చక్రాలు, ఇంజను ఉంచుకుని, ఈ కొత్త ఒళ్ళు తొడగాలి. చాసీని మధ్యకు కోసి, మా లెక్క ప్రకారం పద్దెనిమిది మిల్లీమీటర్లు పొడిగించాలి. వేరే రాష్ట్రంలో ఒకాయన ఇలాంటి బాడీ పోస్తాడని తెలిసి ఉత్తరం రాశాను. ఇరవై నాలుగో వంతు కొలత. మా బండి కొలతలన్నీ నా టూరు డైరీల్లో ఉన్నాయి కనుక వాటినీ జతచేశాను.

బాడీ వచ్చిన రోజు పెట్టె విప్పగానే మా డ్రైవరు దాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్ళ ఎత్తుకు లేపి చూశాడు.

"మన బండేనండీ సార్. కాకపోతే ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు."

"కడిగితేగా."

"కడగనిచ్చారా మీరు? తెల్లారి ఆరింటికి యార్డులో ఉండాలంటిరి. నా మొహమే కడుక్కోలేదు, బండి మొహం ఎక్కడ కడిగేది?"

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. "అన్నయ్యగారూ, ఆయన మిమ్మల్నే కాదు, నన్నూ మొహం కడుక్కోనివ్వలేదు లెండి. పెళ్ళిచూపులకొచ్చి ముందు మా నాన్న కొట్టులో కాటా తనిఖీ చేశారు."

నేను మిల్లీమీటరులో పదో వంతు చూపే వెర్నియరు కొలబద్ద పట్టుకుని బాడీని పదహారు చోట్ల కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాను. కప్పు మధ్యభాగం తిన్నగా ఉందని ఆ రోజు నా చేత్తో నేనే రాశాను. ఈ మాట ముఖ్యం.

రెజిన్ బాడీకి అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు అంటి ఉంటుంది. అది పోకపోతే రంగు నిలవదు. అందుకని ముందు సబ్బునీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడగాలి. ఏప్రిల్ 19, ఆదివారం, ఉదయం చర్చిలో ఆరాధనకు వెళ్ళే ముందు ఆ పని చేశాను. కడిగి, మంచినీళ్ళలో ముంచి తీసి, మేడ మీదికి తీసుకెళ్ళి, తెల్ల గుడ్డ మీద పెట్టాను. మా ఇంట్లో కడిగినది ఏదైనా మేడ మీదికే వెళుతుంది. ఆ రోజుల్లో మేడంతా ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడానికి తెచ్చిన మిరపకాయలు. వాటి మధ్యన మూరెడు చోటు చేసి గుడ్డ పరిచాను. కాకులు రాకుండా మీద దోమతెర కూడా కప్పాను.

ఆ రోజు ఆరాధన తరవాత సంఘం కమిటీ కూర్చుంది. నేను ఆగిపోయాను. మా ఆవిడ పన్నెండున్నరకు ఇంటికి వచ్చింది, నేను రెండింటికి వచ్చాను. బాడీ వరండాలో బల్ల మీద గుడ్డలో చుట్టి ఉంది. ఆమె తెచ్చి పెట్టిందనుకుని ఊరుకున్నాను. మర్నాడంతా చాసీ కోయడంలో గడిచింది. చాసీని తొడిగి చూద్దామని మంగళవారం బాడీని తీస్తే కప్పు కుంగి కనిపించింది. ఒకటిన్నర మిల్లీమీటరంటే ఏముందని ఎవరైనా అనవచ్చు. అసలు బండి మీద అది మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు.

ఆయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వచ్చేటప్పుడే అట్టా వచ్చిందేమోనండి."

"వచ్చిన రోజు కొలిచాను. రాసుకున్నాను."

"మీ రాత తప్పయితే?"

"ముప్ఫై నాలుగేళ్ళలో నా రాత తప్పని ఒక్కడూ అనలేదు."

"అనలేదండీ," అన్నాడు. "కప్పు సంగతి తరవాత చూద్దాం. పుట్టీ పెట్టి లేపొచ్చు. ముందు చాసీ కానివ్వండి."

అతడి ఆ తొందర నాకు నచ్చలేదు. తప్పు ఉన్నచోట మాట మార్చడం నేను వేల దుకాణాల్లో చూశాను. కాటా దగ్గరికి వెళ్ళగానే యజమాని కాఫీ తెప్పిస్తానంటాడు. అయినా ఆ రోజు నా అనుమానమంతా తయారీదారు మీదే ఉంది. లోపల గట్టిపడని సరుకు పోసి ఉంటాడు, రెండు మూడు వారాలకు అది కుంగుతుంది, అప్పటికి ఫిర్యాదు గడువు దాటిపోతుంది అని నా ఊహ. పదహారు కొలతలతో, ఆరు ఫొటోలతో తయారీదారుకు ఉత్తరం రాశాను. మూడో రోజు జవాబు వచ్చింది. మర్యాదగానే రాశాడు. పంపే ముందు తీసిన ఫొటో జతచేశాడు. అందులో కప్పు తిన్నగా ఉంది. చివర ఒక ప్రశ్న: బాడీకి ఎక్కడైనా వేడి తగిలిందా?

నేను ఇలా రాశాను: "మా ఇంట్లో దాన్ని పొయ్యి దరిదాపులకు గానీ, ఇస్త్రీపెట్టె దగ్గరికి గానీ తీసుకువెళ్ళలేదు. చల్లటి నీటితో కడిగి ఆరబెట్టాము. ఈ ప్రశ్నలోని ధ్వనిని నేను నిరసిస్తున్నాను."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మా మైదానంలో వేడి అంటే మంట. పొగాకు ఆకు కాల్చే బ్యారను కింద పెట్టేది వేడి. సున్నపు బట్టీలో ఉండేది వేడి. ఎండను మేము వేడి కింద లెక్కపెట్టం. మిరపకాయ, పత్తి, వడియం, ఆవకాయ ముక్క తుడిచిన గుడ్డ, తలంటుకున్న జుట్టు, అన్నింటినీ ఎండకే అప్పజెబుతాం.

ఏప్రిల్ 26న బాడీని తిరగేసి, గుంటలు పూడ్చడానికి లోపలి వైపు భూతద్దం పెట్టి చూస్తున్నాను. కప్పు లోపల, సరిగ్గా కుంగిన చోట, రెండు గుంటలు కనిపించాయి. పక్కపక్కన, కొంచెం వాలుగా. గీతలు కూడా పడ్డాయి. మనిషి వేలి గీతలు. నా బొటనవేలు పెట్టి చూశాను. ఆ గుంటలు నా వేలికన్నా వెడల్పు. మా ఆవిడ వేలు ఇంకా సన్నం. ఇంట్లో ఆ బాడీని పట్టుకునే మూడో మనిషి ఒక్కడే.

"ఆయనెందుకు చేస్తాడండీ?" అంది మా ఆవిడ.

"ఎందుకన్నది తరవాత. ఎవరన్నది ముందు."

"అడగరాదూ?"

"అడిగితే లేదంటాడు. ముందు రుజువు, తరవాత ప్రశ్న. మా పద్ధతి అది."

"మీ పద్ధతి కాటాలకి. ఆయన కాటా కాదుగా."

ఆ మాటను నేను పట్టించుకోలేదు. ఏప్రిల్ 28 సాయంత్రం ఆయన ఎప్పటిలాగే నాలుగింటికి వచ్చాడు. బండి రంగుకు దగ్గరగా నీలం, బూడిద కలిపిన మూడు నమూనాలు అట్టముక్క మీద వేసి తెచ్చాడు. నేను వాటిని చూడలేదు. పుట్టీ ముద్దను చపాతీలా ఒత్తి బల్ల మీద పెట్టాను.

"దీని మీద బొటనవేళ్ళు ఒకసారి నొక్కు."

"ఎందుకు సార్?"

"కొలతకి."

"ఏం కొలత?"

నేను ముద్దను ఆయన వైపు జరిపాను. ఆయన బల్ల మీద తిరగేసి ఉన్న బాడీని, దాని పక్కన తెరిచి ఉన్న వెర్నియరును, నోటుపుస్తకాన్ని వరసగా చూశాడు. అర్థమైంది.

"నేను ఉద్యోగంలో చేరిన నెల బండి లాగుబుక్కులో వేలిముద్ర వేస్తానంటే ఒప్పుకోలేదు మీరు. గుర్తుందా? సంతకం నేర్చుకునేదాకా బుక్కు ముట్టనివ్వనన్నారు. మీరే కాయితం మీద రాసిచ్చి దిద్దమన్నారు. ఇరవై రెండేళ్ళు సంతకం పెట్టాను సార్. ఇవాళ మీరే వేలిముద్ర అడుగుతున్నారు."

"అది వేరు, ఇది వేరు."

"వేరేలెండి."

రెండు వేళ్ళూ పుట్టీ మీద పెట్టాడు. నిదానంగా, గోళ్ళు తెల్లబడేదాకా నొక్కాడు.

"రెండూ వేశానండీ. సరిపోకపోతే కాలివి కూడా ఉన్నాయి."

మా ఆవిడ టీ తెచ్చింది. "వద్దులే అమ్మా, ఇవాళ పొద్దున్నుంచీ కడుపులో బాగాలేదు," అని గ్లాసు ముట్టుకోకుండా లేచాడు. రంగు నమూనాల అట్టముక్క బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.

ఆయన వీధి మలుపు తిరగకముందే కొలిచాను. ఎడమ వేలు పద్దెనిమిదిన్నర, కుడి పంతొమ్మిది. బాడీలోని గుంటలతో సరిపోయాయి. కుడి వేలి మీద అడ్డంగా పాత గాటు ఉంటుంది, జాకీ జారినప్పటిది. అదీ సరిపోయింది. 'రుజువైనది' అని రాసి కింద గీత గీశాను. ఆ గీత గీసినప్పుడు నాకు తృప్తిగానే ఉంది. అది దాచను.

అతడు రాని మొదటి వారమంతా నా మనసులో కేసు పెరుగుతూ పోయింది. చేతిలో పట్టుకుని చూస్తూ నొక్కి ఉంటాడు, కుంగగానే భయపడి గుడ్డలో చుట్టి ఉంటాడు, నేను చూసేసరికి వచ్చేటప్పుడే అలా వచ్చిందన్నాడు, నా రాతనే తప్పుబట్టాడు. ఒక్కొక్క మాటా ఇప్పుడు నేరం కప్పిపుచ్చడంలా వినిపించింది. మా ఆవిడ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి పలకరించి వచ్చింది. నాకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మే 6న పని ఆగకూడదని వెనక తలుపు రెక్కలు రెండు, బానెట్టు తీసుకుని ప్రైమరు వేశాను. ఇవి బాడీతోపాటు విడిగా వచ్చిన రెజిన్ ముక్కలే. ఆరబెట్టడానికి మేడెక్కాను. సమయం పదకొండూ నలభై. పిట్టగోడ పక్కన కూర్చుని నోటుపుస్తకంలో ఆ రోజు పని రాసుకుంటున్నాను. పన్నెండూ పదికి తలెత్తి చూస్తే తలుపు రెక్క అంచు గుడ్డ మీద నుంచి లేచి ఉంది. నా కళ్ళజోడు అనుకున్నాను. పన్నెండున్నరకు అది కాల్చిన అప్పడంలా వంగింది. చేత్తో తీస్తే తోలుముక్కలా వేలాడింది. బానెట్టును వేలితో నొక్కాను. వేలు దిగింది. గీతలతో సహా గుర్తు పడింది.

ఆ గుర్తును చూస్తూ అక్కడే ఉండిపోయాను. చెప్పులు లేని కాలు గచ్చు మీద పడి కాలితే గానీ కదలలేదు.

అప్పుడు తట్టింది. కప్పు బయటి వైపు నుంచి కిందికి కుంగింది. వేలి గుర్తులు లోపలి వైపు ఉన్నాయి. లోపలి నుంచి నొక్కితే కప్పు పైకి లేస్తుంది గానీ కిందికి దిగదు. పదహారు చోట్ల కొలిచిన వాణ్ణి, ఈ దిక్కు ఏమిటో చూడలేదు. కొలత సరిగ్గా తీసి తీర్పు తలకిందులుగా రాశాను.

కిందికి దిగి మా ఆవిణ్ణి అడిగాను. "ఆ ఆదివారం బాడీని మేడ మీద నుంచి నువ్వే కదా తెచ్చింది?"

"నేనా? నేనొచ్చేసరికి బల్ల మీదుంది. మీరే దించిపోయారనుకున్నా."

ఆ మాట పక్కింటి ఆమె విన్నది. మా మేడకూ వాళ్ళ మేడకూ మధ్య నడుమెత్తు గోడే అడ్డం. ఆ రోజుల్లో ఆమె కూడా మిరపకాయలు ఎండబెట్టింది.

"సాయిబు గారు తీశాడు బాబాయ్ గారూ," అంది మెట్ల మీద నుంచి. "మీరు ప్రార్థనకి పోయినరోజే. గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. ఎవరూ లేరు, సారు పైన ఏదో బొమ్మబండి ఎండేశాడని నేనే చెప్పా. అంతే, 'ఎండకి మెత్తబడుద్దమ్మా అది' అంటా ముసలాయన ఎట్టా ఎక్కాడో మెట్లు, నాకే భయమేసింది."

"ఎక్కి?"

"దోమతెర లాగిపారేసి దాన్ని తీసుకుని ట్యాంకు నీడలో కూచున్నాడు. రెండు బొటనేళ్ళూ లోపల పెట్టి పైకి ఎత్తి పట్టుకున్నాడు. అరగంట కదల్లేదు. 'ఏమైందండీ' అంటే 'బండికి జొరమొచ్చిందమ్మా, దిగిందాకా పట్టుకోవాల' అన్నాడు. మంచినీళ్ళిచ్చినా చెయ్యి తీయలా. గ్లాసు నేనే నోటికి అందించా."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"చెప్పొద్దన్నాడుగా! 'ఎండలో పెట్టింది తనేనని తెలిస్తే సారు తట్టుకోలేడు. ఆ బండంటే ప్రాణం. వచ్చేటప్పుడే అట్టా వచ్చిందనుకోనీ, పోస్టువాణ్ణి తిట్టుకుని పడుకుంటాడు' అన్నాడు. నాకేం తెలుసు బాబాయ్ గారూ, మీరు ఆయన్నే తిట్టుకుంటారని!"

తయారీదారుకు ఆ సాయంత్రమే ఉత్తరం రాసి కప్పు విషయంలో నా ఫిర్యాదును ఉపసంహరించుకున్నాను. ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదని ఒప్పుకున్నాను. హెడ్‌లైటు అద్దం విషయంలో ఫిర్యాదు యథాతథంగా ఉందని కూడా రాశాను.

ఇంతటితో ఆగితే ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగేవాణ్ణి. కానీ నాలో అనుమానం ఆగలేదు. అది దిక్కు మార్చుకుంది. ఒక మనిషి నా తప్పును తన మీద వేసుకుని, వేలిముద్ర కూడా వేసి, నోరు మెదపకుండా వెళ్ళగలిగాడంటే, అది అతడికి మొదటిసారి అయి ఉండదు. అంత తేలిగ్గా చేయాలంటే అలవాటు ఉండాలి.

ఇనప్పెట్టెలోంచి టూరు డైరీలు తీశాను. ఇరవై రెండు. ప్రతి పేజీ చివర రెండు గడులు ఉంటాయి. ఒకటి రిమార్కులు, అది నేను రాసేది. రెండోది డ్రైవరు సంజాయిషీ, అది ఆయన రాసి సంతకం పెట్టేది. డ్రైవరు మీద నేను రాసిన రిమార్కులు పద్నాలుగు. నాలుగు రోజులు కూర్చుని ఒక్కొక్కదాన్నీ నేను దాచుకున్న ఆ రోజు తాలూకు మిగతా రిజిస్టర్ల నకళ్ళతో పోల్చాను.

పర్చూరు తనిఖీకి గంటన్నర ఆలస్యం. 'డ్రైవరు అలసత్వం' అని రాశాను. కాటాల మీద ముద్ర వేసే పంచ్ ఆఫీసులో మరిచి, దారిలోంచి వెనక్కి వెళ్ళినట్టు నా జేబు పుస్తకంలోనే ఉంది. మరిచినది నేను.

పది కిలోల పరీక్ష గుండు ఒకటి పోయింది. 'డ్రైవరు లెక్క చూసుకోలేదు' అని రాశాను. ఎక్కించేటప్పుడు లెక్క సరిపోయిందని పొడి సంతకం చేసినది నేను.

పిడుగురాళ్ళ రోడ్డు మీద వెనక తలుపు తెరుచుకుని అర పడిపోయింది. 'తలుపు సరిగా వేయలేదు' అని రాశాను. దీనికి ఏ రిజిస్టరూ లేదు. దారిలో ఒకసారి ఆపించి నేనే వెనక నుంచి నీళ్ళ కూజా తీసుకున్నట్టు ఇప్పుడు గుర్తుకొస్తోంది. గుర్తుకొస్తోందో, నన్ను నేను శిక్షించుకోవడానికి కల్పించుకుంటున్నానో తెలియదు. ఆ తేడా తెలియకపోవడమే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

పద్నాలుగు చోట్లా సంజాయిషీ గడిలో ఆయన రాసినది ఒకటే మాట, నేను దిద్దించిన గుండ్రటి అక్షరాలతో: 'ఏమీ లేదు.'

ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన సొంత ఊరి దగ్గరి ఆఫీసుకు బదిలీ కోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ పక్షవాతంతో మంచంలో ఉన్న రోజులవి. మూడుసార్లూ రిమార్కులున్న మనిషి అని పక్కనపెట్టారు. మూడోసారి తిరస్కరించిన కాగితం ఆయనకు అందజేసింది నేనే. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "పదండి సార్, యార్డు మూసేస్తారు," అన్నాడు. ఆమె ఆఖరి రోజుకు ఆయన ఇక్కడ, నా వ్యానులో ఉన్నాడు.

పద్నాలుగులో ఆరు నా తప్పులని కాగితాలే చెబుతున్నాయి. మూడు నిజంగా ఆయనవే. మిగతా అయిదింటికి సాక్ష్యం ఆయన ఒక్కడే.

నిన్న మా ఆవిడతో, "వెళ్ళి అడుగుతాను," అన్నాను.

"వెళ్ళండి. కానీ ఆయన చెప్పడు. 'పోనీండి సార్' అంటాడు, టీ తాగుదామంటాడు. మీరు తాగి వచ్చేస్తారు."

ఆమె చెప్పింది నిజం. ఎదురుగా కూర్చుంటే ఆయన నవ్విస్తాడు. నవ్వితే నేను తేలిగ్గా బయటపడతాను. కనుక ఈ కింది కాగితాన్ని రెండు ప్రతులు రాసి, ఒకటి నా దగ్గర ఉంచుకుని, రెండోది ఈ రోజు ఉదయం నా చేత్తో ఆయనకు అందజేసి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. సంతకమే తీసుకున్నాను.

"గౌరవనీయులైన మీకు,

ఏప్రిల్ 28న మీ వేలిముద్ర అడిగినందుకు బేషరతుగా క్షమాపణ చెబుతున్నాను. బాడీ కప్పు కుంగడానికి కారణం నేను దాన్ని ఎండలో పెట్టడమే. అది ఇంకా కుంగకుండా ఆగడానికి కారణం మీరు. ఈ రెండు వాక్యాలూ నా దినచర్య పుస్తకంలో 'రుజువైనది' అన్న మాట కింద ఎర్రసిరాతో రాశాను.

ఇక విచారణాంశాలు. జతపరిచిన జాబితాలో మీ మీద నేను రాసిన పద్నాలుగు రిమార్కులూ తేదీలతో సహా ఉన్నాయి. (ఒకటి) వీటిలో ఏవి మీ తప్పులు, ఏవి నావి, ఒక్కొక్కదానికీ ఎదురుగా రాయగలరు. (రెండు) నావని తెలిసిన చోట ఆ రోజే ఎందుకు చెప్పలేదో రాయగలరు. నా కోపానికి భయపడి చెప్పలేదా, నేను తట్టుకోలేనని చెప్పలేదా, చెప్పినా నేను నమ్మనని చెప్పలేదా అన్నది స్పష్టంగా ఉండాలి. (మూడు) మీ బదిలీ దరఖాస్తులు నా రాతల వల్లే ఆగాయని మీకు అప్పుడే తెలుసా, లేదా అన్నది రాయగలరు.

నోటిమాటగా చెప్పిన జవాబును, నా భార్య ద్వారా పంపిన జవాబును అంగీకరించను. 'ఏమీ లేదు' అన్న జవాబును ఇకపై అంగీకరించను. ఈ కాగితం ముట్టిన పదిహేను రోజుల లోపల, మీ సొంత దస్తూరీతో, మీ సంతకంతో, లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా ఇందుమూలంగా కోరుతున్నాను."